ముదీర్ ఇచ్చిన విడిది

"తలుపు తీ ఫర్జానా."

లోపల నీళ్ళ చప్పుడు. స్నానం చేస్తున్న చప్పుడు కాదు, కొళాయి ఊరికే తిప్పి వదిలేసిన చప్పుడు.

షఫీ హోటల్ వాళ్ళిచ్చిన తెల్లటి మందపాటి గౌనులో, తడి తలతో, బాత్రూం తలుపు ముందు నిలబడి ఉన్నాడు. అప్పుడే కింద స్పా నుంచి వచ్చాడు. ఆవిరి గదిలోకి ఫోన్లు తేవద్దన్నారని తన ఫోను మంచం మీద వదిలి వెళ్ళాడు. ఇప్పుడది తలుపుకు అవతల, భార్య చేతిలో ఉంది.

"ఫోనియ్యి మే. ఆఫీసు వాళ్ళు చేస్తారు."

"చేసినారు. మీ ముదీరే చేసినాడు."

షఫీ చెయ్యి తలుపు మీది నుంచి జారింది.

"నువ్వు ఎత్తినావా?"

"ఎత్తినా. హలో అనేదానికి కూడా సందు ఇయ్యలే. 'షఫీ, వాడింకా కళ్ళు తెరవలే, నువ్వు భయపడొద్దు, బుధవారం బండి నేను కాదు, నువ్వు నడిపినావని చెప్పు, చాలు' అన్నాడు. ఎవరు వాడు?"

షఫీ వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ పక్కన సోఫాలో అతని తల్లి ఖతీజాబీ తస్బీ పూసలు పట్టుకుని కూర్చుంది. పెదవులు కదలడం లేదు. ఆమె ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని ఏడేళ్ళ అనమ్, తన పాదాలకు రెండింతలున్న హోటల్ చెప్పులు ఊపుతోంది.

"జేజీ, అమ్మ ఎందుకు బయటికి రాల్యా?"

"తల స్నానం చేస్తాంది. నువ్వు ఊరకుండు."

కిటికీ బయట రస్ అల్ ఖైమా కొండలు. గోధుమ రంగు రాళ్ళ మధ్య నుంచి పొగమంచు పైకి లేస్తోంది. జనవరి చలి. ఈ హోటల్ కట్టినవాళ్ళు ఎక్కడో యూరప్ మంచుకొండల్లో ఉన్నట్టు చెక్క పైకప్పులను ఏటవాలుగా కట్టారు. జారిపడేందుకు ఇక్కడ మంచు మాత్రం పడదు. గదిలో గోడకు పెట్టిన తెర మీద పొద్దస్తమానం కట్టెలు మండుతూనే ఉంటాయి. వేడి మాత్రం రాదు.

"పాయింట్ల సంగతి ఫర్జానా," షఫీ గొంతు తగ్గించాడు. "హయాత్ అన్న బండికి స్పీడు ముఖాలఫా పడింది. పాయింట్లు నా లైసెన్సు మీద వేసుకోమన్నాడు. ఇంతకుముందు రెండుసార్లు వేసుకున్నా కదా, నీకూ తెలుసు."

ఫర్జానాకే కాదు, షార్జా అల్ నహ్దాలో వాళ్ళ బిల్డింగ్‌లో ఉండే ప్రతి డ్రైవరు భార్యకూ తెలుసు. కంపెనీలు నడిపే ముదీర్లు వేగంగా పోతారు. రాడార్ ఫొటో తీస్తుంది. జరిమానా కంపెనీ కడుతుంది. బ్లాక్ పాయింట్లు మాత్రం ఎవరో ఒకరి లైసెన్సు మీద పడాలి. 'నువ్వే నడిపినావని చెప్పు' అంటారు. డ్రైవర్లు 'సరే సార్' అంటారు. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని అడిగే డ్రైవరు లేడు.

"స్పీడుకు పాయింట్లయితే కళ్ళు తెరవని మనిషి ఎవడు?" అంది ఫర్జానా లోపల్నుంచి.

షఫీ గౌను తాడు బిగించుకున్నాడు.

"పాయింట్లు వేసుకుంటే బిరియానీ పాకెట్టు ఇస్తారు. ఇట్లాంటి హోటల్లో నలుగురికి గది, మూడు పూటలా తిండి, ఒళ్ళు పట్టేదానికి మనుషులు, ఇవన్నీ ఎవరిస్తారు? నేను మొన్ననే అడిగినా నిన్ను. 'అమ్మ వచ్చిందని అన్న ప్రేమతో ఇచ్చినాడు' అన్నావు."

"ప్రేమతోనే ఇచ్చినాడు."

నీళ్ళ చప్పుడు ఆగింది.

తలుపు తెరుచుకుంది. ఫర్జానా మొహం పొడిగా ఉంది, కళ్ళు కూడా. ఫోను అతని చేతిలో పెట్టింది.

"పోలీసులకు చేసినా," అంది.

"ఏందీ?"

"హిందీలోనే మాట్లాడినారు. మీ ముదీరు చెప్పినవన్నీ చెప్పినా. బుధవారం మాపట ఎవరినో కొట్టింది హయాత్ బాషా అని, మా ఆయన మీదికి తోస్తాండాడని, ఆ టైముకు మా ఆయన మాతోనే షార్జా ఎయిర్‌పోర్టులో ఉండాడని చెప్పినా. ఇది మా అత్త వచ్చిన ఫ్లైటు, చూసుకోండి అన్నా. ఎక్కడుండారని అడిగితే ఈ హోటల్ పేరు చెప్పినా."

తన మొగుడు ఊపిరి పీల్చుకుంటాడని, కనీసం కోప్పడతాడని అనుకుంది.

షఫీ ఉన్నచోటే కార్పెట్ మీద కూలబడ్డాడు.

"నేను ఆలస్యంగా వచ్చినా కదే," అన్నాడు. "మీరందరూ బయట ట్రాలీ పట్టుకుని నిలబడి ఉండారు. నేను ఆలస్యంగా వచ్చినా."

"ఆ ముక్క చెప్పలే. ట్రాఫిక్కులో ఇరుక్కున్నావని నువ్వే అన్నావు కదా."



*

"తినేదానికి పోదాం పాండి," అంది ఖతీజాబీ లేచి. "ఏం జరిగినా బిడ్డ కడుపు మాడాల్నా?"

రెస్టారెంటు నిండా రష్యన్లు, అరబ్బు కుటుంబాలు. పొడుగాటి బల్లల మీద రొట్టెలు, జున్ను పెట్టారు, తేనెపట్టును చట్రంతో సహా నిలబెట్టారు. ఆ తేనెపట్టు దగ్గర ఖతీజాబీ ఒక్క క్షణం అన్నీ మర్చిపోయి నిలబడింది. తర్వాత ఉడికిన గుడ్లు నాలుగు కాగితంలో చుట్టి చేతిసంచిలో వేసుకుంది.

"అమ్మా, ఎన్నిసార్లైనా తినొచ్చు ఇక్కడ. దాచుకోనక్కర్లేదు," అన్నాడు షఫీ.

"అడక్కుండా పెట్టే తిండిని నేను నమ్మను. మధ్యాహ్నానికి మనల్ని ఉండనిస్తారో లేదో."

టేబుల్ దగ్గరికి వచ్చిన, వడ్డన చూసే కెప్టెన్ ఐజక్ ఆ మాట విని నవ్వాడు. పాలకొల్లు మనిషి. చెవుల దగ్గర నెరిసింది. మొన్న తెలుగు మాటలు వినగానే పలకరించి, అప్పటి నుంచి వీళ్ళ టేబుల్ తనే చూసుకుంటున్నాడు.

"ఎందుకుండనివ్వరండీ మామ్మగారు? ఆదివారం దాకా మీదే కదండీ గది. మధ్యాహ్నం టేబుల్ కూడా ఏసేశాను. మీ సారు ఫోన్ చేసి చెప్పారండి."

"ఏ సారు?" ఫర్జానా అడిగింది.

"హయాత్ బాషా గారండి. ఆయనా వస్తున్నారంట. మీతో కలిసి భోంచేస్తానన్నారు." ఐజక్ షఫీ వైపు తిరిగాడు. "ఆయ్, అదృష్టవంతులండి మీరు. మా మేనేజరు నాకు టీ కూడా పొయ్యడు."

ఐజక్ వెళ్ళిపోయాడు. అనమ్ పాన్‌కేక్ మీద చాక్లెట్ పోసుకుంటోంది. ఇంకెవరూ ఏమీ తినడం లేదు.

"అత్తా, అనమ్‌ను చూస్తాండు," అని ఫర్జానా లేచింది. షఫీని చూసి, బయటికి పద అన్నట్టు తల ఊపింది.

బయట చెక్క వరండా. కింద లోయలోకి దిగే మలుపుల రోడ్డు మొత్తం కనబడుతుంది. పార్కింగ్‌లో హయాత్ బాషా తెల్ల లాండ్ క్రూజర్ నిలబడి ఉంది. గురువారం పొద్దున షఫీ చేతిలో దాని తాళం పెట్టి, 'అమ్మను దీంట్లో తీసుకుపోరా, నడుం నొప్పెట్టదు' అన్నాడు.

"చెప్పు," అంది ఫర్జానా.

షఫీ రెయిలింగ్ పట్టుకున్నాడు. 

"ఎయిర్‌పోర్టుకు వద్దామనే బయల్దేరినా. అన్న కూడా వస్తానన్నాడు. చిన్నమ్మను నా బండిలోనే తెద్దాం అన్నాడు. సైట్ నుంచి ఇద్దరం వస్తాన్నాం. తాళం నాకియ్యలే, తనే కూర్చున్నాడు. ఫోన్‌లో ఎవరితోనో గొడవ పడుతా నడిపినాడు. లేబర్ క్యాంపుల దగ్గర సైకిలు మీద ఒక మనిషి రోడ్డు దాటుతాండాడు."

"నువ్వు బండిలో ఉండావు."

"పక్క సీట్లో."

ఫర్జానా మొహం తిప్పుకుంది. కింద రోడ్డు మీద ఏదో వాహనం మెరిసి, మలుపులో మాయమైంది.

"ఆపమన్నా, ఆపలే. దిగుదామని తలుపు లాగినా, లాక్ చేసి ఉంది. అట్లనే తొక్కినాడు. నన్ను షార్జాలో రోలా దగ్గర దింపి, 'నువ్వు టాక్సీలో పో, నోరు తెరవద్దు' అన్నాడు."

"నువ్వైనా ఫోన్ చేసినావా? ఆంబులెన్సుకు?"

"చేద్దామనుకున్నా."

"అమ్మ సామాను పైకి మోసినావు, అన్నం తిన్నావు. అనమ్‌కు జేజి తెచ్చిన గాజులు తొడిగినావు." ఫర్జానా ఒక్కో మాటా మెల్లగా అంది. "అప్పుడంతా ఆ మనిషి రోడ్డు మీద ఉండాడు."

"ఎవరో చూసి ఆసుపత్రికి తీసుకుపోయినారంట. గురువారం పొద్దున అన్న చెప్పినాడు."

"బండి ముందు భాగం మార్చినారా?"

"పెయింట్ వాసన వచ్చింది. అడగలే."

ఫర్జానా పార్కింగ్ వైపు చూసింది. కొండ ఎక్కేటప్పుడు ఆ బండి ముందు సీట్లో కూర్చుని తనే వీడియో తీసింది. నెల్లూరులో ఉన్న చెల్లెలికి పంపింది. మీ బావ బండి చూడు అని రాసింది కూడా.

అప్పుడర్థమైంది ఆమెకు.

"కొట్టిన బండి నీ చేతిలో పెట్టినాడు," అంది. "కొట్టిన మరుసటి రోజు నిన్ను కొండ మీదికి పంపినాడు. పెళ్ళాం బిడ్డల్తో, సామాన్లతో. ఎవరు చూసినా ఏమంటారు? డ్రైవరు మనిషిని కొట్టి పారిపోయి కొండల్లో దాక్కున్నాడంటారు. మనం తిన్న ప్రతి ముద్దా దానికి సాక్ష్యం."

"అన్న అట్లాంటోడు కాదు."

"పోదాం పా. ఇప్పుడే దిగి పోదాం."

"దేంట్లో?"

ఇద్దరూ తెల్ల బండి వైపు చూశారు. ఇక్కడికి టాక్సీలు పిలిస్తే వచ్చేవి కావు. ఆ బండి ఎక్కితే మళ్ళీ పారిపోయినట్టే.

"నువ్వు చేసిన ఫోను..." షఫీ ఆగాడు. "నేను ఎయిర్‌పోర్టులో ఉన్నానన్నావు. అక్కడ కెమెరాలుంటాయి మే. నేను ఎప్పుడొచ్చినానో చూస్తారు. అబద్ధమని తెలిసిపోతుంది. అప్పుడు నేను నడపలేదన్నా నమ్మరు."

 మొగుణ్ణి కాపాడాలని ఆమె బాత్రూంలో నీళ్ళు వదిలి, గొంతు తగ్గించి చెప్పిన మాటే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

*

హయాత్ బాషా మధ్యాహ్నం నమాజు చదివి, లేత నీలం చొక్కాలో, అత్తరు వాసనతో వచ్చాడు. రాయచోటి మనిషి. షఫీకి దూరపు చుట్టం. షఫీని వీసా మీద తెచ్చింది, అనమ్‌ను స్కూల్లో వేయించింది, మొన్న ఖతీజాబీకి విజిట్ వీసా తీయించింది ఇతనే.

"సలాం చిన్నమ్మా. తిండి బాగుందా?"

"బాగుండాది నాయనా. ఉప్పే తక్కువ."

"తెల్లోళ్ళ వంట చిన్నమ్మా, వాళ్ళకు బీపీ భయం." నవ్వుతూ కూర్చుని, తొడ ముక్క ఒకటి తన ప్లేటులో, ఒకటి ఆమె ప్లేటులో వేశాడు. "ఫర్జానా, నువ్వు తినడం లేదే?"

"ఆకలి లేదన్నా."

"పొద్దున నా ఫోను నువ్వే ఎత్తినావు కదా?"

ఫర్జానా చేతిలో చెంచా ఆగింది.

"మాట్లాడకపోతే నాకు తెలియదనుకున్నావా? షఫీ అయితే 'సరే అన్నా' అంటాడు. ఏమీ వినబడకపోయేసరికి నువ్వేనని తెలిసింది." కోపం లేకుండా చెప్పాడు. "మంచిదే. ఇంటి ఆడమనిషికి తెలిసి ఉంటేనే మంచిది. అనమ్, అక్కడ ఐస్‌క్రీం ఉంది చూడు, పో తల్లీ. ఎంతైనా ఇస్తారు."

పిల్ల పరిగెత్తింది.

"బండి నంబరు కెమెరాలో పడింది," అన్నాడు హయాత్ బాషా. "పోలీసులు ఆఫీసుకు వచ్చినారు. కంపెనీ బండి, డ్రైవరు నడిపినాడు అని చెప్పినా."

"చెప్పేసినావా అన్నా?" షఫీ అడిగాడు.

"చెప్పేసినా. డ్రైవరు ఇంటోళ్ళతో కొండమీదికి పోయినాడు, నేనే పోయి తీసుకొస్తా, పారిపోయే మనిషి కాదు అన్నా. నీ గురించి మంచిగానే చెప్పినా."

"మీరు కొడితే ఈయనెందుకు రావాల?" అంది ఫర్జానా.

"నిదానం. పక్కన మనుషులుండారు." హయాత్ బాషా రొట్టె తుంచాడు. "బండికి ఇన్సూరెన్సు ఉంది. ఆ మనిషి లేస్తే అంతా ఖలాస్, షఫీ కొన్నాళ్ళు లోపల ఉండి వస్తాడు. నేను బయట ఉంటే లాయర్ను పెడతా, నీ ఇంటి అద్దె చూసుకుంటా, బిడ్డ చదువు ఆగదు. నేను లోపలికి పోతే? కంపెనీ మూతబడుతుంది. షఫీ వీసా ఏమవుతుంది? మీ నలుగురూ ఏ ఫ్లైటు ఎక్కుతారు?"

"ఆయన లోపలికి పోతే మాత్రం వీసా ఉంటాదా?"

"ఆపకుండా పోయినందుకు ఏం చెప్పాలో కూడా ఆలోచించినా. భయపడి ఆపలేదని చెప్పు షఫీ. డ్రైవరు భయపడినాడంటే నమ్ముతారు. ముదీరు భయపడినాడంటే ఎవరూ నమ్మరు."

ఖతీజాబీ తొడ ముక్కను వేలితో ప్లేటు అంచుకు తోసింది.

"నాయనా హయాత్," అంది. "ఆ పొద్దు నా కొడుకు నా కోసం వచ్చినాడు కదా. ఎయిర్‌పోర్టులో ఉండాడు కదా."

"ఎప్పుడొచ్చినాడు చిన్నమ్మా?"

ఖతీజాబీ కొడుకు వైపు చూసింది. షఫీ టేబుల్ గుడ్డ వైపు చూస్తున్నాడు.

"వాడు నా పక్కన కూర్చోని ఉన్నాడు," హయాత్ బాషా మెల్లగా అన్నాడు. "నీకు చెప్పలేదా? ఇద్దరం ఉన్నాం ఆ బండిలో. ఇద్దరం పోవడమెందుకు? ఒకడు చాలు."

 పక్క టేబుల్లో ఎవరో బిడ్డకు పుట్టినరోజు పాట పాడుతున్నారు.

"నువ్వు చెప్పు షఫీ," అన్నాడు హయాత్ బాషా. "బలవంతం లేదు. నీ నోటితో చెప్పు."

షఫీ తల ఎత్తి ముదీర్ మొహం చూశాడు. ఆ చూపు ఫర్జానాకు బాగా తెలుసు. సెలవు అడగాలన్నా, తిన్నావా అని ఎవరైనా అడిగినా, ముందు అటు చూసి తర్వాత జవాబు చెప్పే చూపు.

"సరే అ..."

"సార్." ఐజక్ వచ్చి నిలబడ్డాడు. మొహంలో నవ్వు లేదు. "కింద లాబీలో పోలీసోళ్ళు వచ్చారండి. మీ గది నంబరు అడుగుతున్నారు."

హయాత్ బాషా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

"ఇక్కడికా? నేనే తీసుకొస్తానని చెప్పినానే."

"నేను పిలిచినా," అంది ఫర్జానా.

అతను ఆమె వైపు తిరిగాడు. అంతవరకు ఆ మొహంలో ఉన్న పెద్దరికం ఒక్కసారిగా పోయింది.

"ఏం చెప్పినావు?"

"మీరు నడిపినారని చెప్పినా."

"నువ్వు చూసినావా?" లేచి నిలబడ్డాడు. "చూడనిది చెప్తే ఈ దేశంలో ఏం చేస్తారో తెలుసా నీకు? వాడితో పాటు నువ్వూ పోతావు. బిడ్డను ఎవరు చూస్తారు? యల్లా, లేవండి. కింద నేను మాట్లాడతా. మీరిద్దరూ నోరు మూసుకుని ఉండండి."

ఫర్జానా లేవబోతే ఖతీజాబీ ఆమె చెయ్యి పట్టుకుంది. ముసలి వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఎయిర్‌పోర్టులోనే ఉండాడని చెప్పు," చెవిలో అంది. "నేనూ అదే చెప్తా. ముసల్దాన్ని, నన్నేం చేస్తారు? నాకు ఒక్కడే కొడుకు మే."

"అత్తా, కెమెరాలుంటాయంట."

"కెమెరాలకు తల్లులుంటారా?"

ఫర్జానా చెయ్యి విడిపించుకుంది. ఐస్‌క్రీం గిన్నె పట్టుకుని వస్తున్న అనమ్‌ను జేజి దగ్గరికి తోసి, మెట్లు దిగింది.

*

లాబీలో కూడా ఒక నిప్పుల గూడు. గోడంత తెర మీద కట్టెలు మండుతున్నాయి. చిటపటల చప్పుడు కూడా రికార్డు చేసి పెట్టారు.

ఇద్దరు వచ్చారు. ఒకతను కుర్రవాడు, తలుపు దగ్గరే నిలబడ్డాడు. రెండో అతను నడివయసు అధికారి. హిందీ బాగా వచ్చు. సోఫాలో కూర్చోమన్నాడు. ఎవరూ కూర్చోలేదు.

"సార్, నేను కంపెనీ ముదీర్ని," హయాత్ బాషా ముందుకు వచ్చాడు. "ఇతనే మా డ్రైవరు. నేనే తీసుకురాబోతున్నాను..."

"తెలుసు. మీరు ఆగండి," అన్నాడు అధికారి. "ఫోన్ చేసింది ఎవరు?"

"నేను," అంది ఫర్జానా.

"బుధవారం సాయంత్రం మీ భర్త మీతో ఎయిర్‌పోర్టులో ఉన్నాడని చెప్పారు."

"అవును."

"ఇప్పుడు కూడా అదే చెబుతారా? ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు."

గొంతు మృదువుగా ఉంది. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. అరిచే మనిషైతే ఏడ్చి తప్పించుకోవచ్చు.

పక్కన షఫీ ఊపిరి వినబడుతోంది. అవునంటే ఈ పూట గడుస్తుంది. రేపు కెమెరా చూస్తారు. కాదంటే ఇప్పుడే తన నోటితో తనే అతన్ని ఆ బండిలో కూర్చోబెట్టినట్టు.

"లేడు," అంది.

షఫీ కళ్ళు మూసుకున్నాడు.

"ఆలస్యంగా వచ్చినాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. ఈ పొద్దే చెప్పినాడు. ఆయన ఆ బండిలోనే ఉన్నాడు సార్, పక్క సీట్లో. నడిపింది ఈయన." హయాత్ బాషాను చూపించింది. "బండి ఆపలేదంట. మా ఆయన దిగుదామంటే తలుపు లాక్ చేసి ఉందంట."

"అబద్ధం సార్," అన్నాడు హయాత్ బాషా. "ఆమె చూడలేదు. మొగుడు చెప్పింది చెబుతోంది."

అధికారి అతని వైపు చూడలేదు. ఫర్జానానే చూస్తున్నాడు.

"తలుపు లాక్ చేసి ఉందని మీ భర్త చెప్పాడా?"

"అవును సార్."

"బండి అసలు ఆగలేదని కూడా అతనే చెప్పాడా?"

"అవును."

అధికారి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ మనిషి ఇందాక కళ్ళు తెరిచాడు. పెద్దగా మాట్లాడలేడు, నాలుగు మాటలు చెప్పాడు. బండి కొంచెం దూరం పోయి ఆగిందట. ఒకరు దిగి వెనక్కి నడిచి వచ్చారట. తన మొహం మీదికి వంగి చూశారట. నీళ్ళు అడిగాడట. ఆ వచ్చినవాడు తన భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడట."

తెర మీద కట్టె ఒకటి విరిగి పడింది.

"స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు అధికారి. "ముందు ఇది చెప్పండి. ఎవరు దిగింది?"

"నేను దిగలేదు సార్," అన్నాడు హయాత్ బాషా.

ఆ గొంతులో ముదీరు లేడు. మాట వంకరపోయింది, చివర్లో తడబడింది కూడా. భోజనం దగ్గర కూర్చున్నప్పటి నుంచి అతను చెప్పిన వాటిలో ముందుగా ఆలోచించి పెట్టుకోని మాట ఇదొక్కటేనని ఫర్జానాకు తెలిసింది.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

షఫీ ఈసారి ముదీర్ మొహం చూడడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"ఫర్జానా," అన్నాడు. "నా మాట విను."

ఆమె తనకు తెలియకుండానే ఒక అడుగు పక్కకు జరిగింది.